లేని స్ప్రింగ్‌కు మిల్లీజౌళ్ల లెక్క: నాబ్ ప్రాజెక్టు డైరీ

శనివారం, హన్మకొండ

నాబ్ బిగించడం అయింది. ఇది చేయాల్సిన పని చెప్పడానికి సులువే. తిప్పుతుంటే ఒక కోణం దాకా ఖాళీగా తిరగాలి, అక్కడి నుంచి స్ప్రింగ్‌ను నొక్కుతున్నట్టు చేతికి తగలాలి. లోపల స్ప్రింగ్ ఉండదు. ఎన్‌కోడర్ కోణం చదువుతుంది, ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు నాబ్ ‘గోడ’లోకి (ఆ కోణం దాటాక స్ప్రింగ్ ఉన్నట్టు తగిలే భాగాన్ని ఇలా పిలుస్తున్నాను) ఎంత లోతు వచ్చిందో చూసి దానికి తగ్గ టార్క్, అంటే తిప్పే బలం, లెక్కిస్తుంది, మోటార్ ఆ టార్క్‌తో చేతిని వెనక్కి తోస్తుంది. కంట్రోల్ సిస్టమ్స్ క్లాసులో ప్యాసివిటీ (తీసుకున్నదానికన్నా ఎక్కువ శక్తి తిరిగి ఇవ్వకపోవడం) అనగానే బోర్డు నిండా అసమానతలు రాసి దులుపుకుని వచ్చేయడం నాకు విసుగొచ్చింది. పిల్లల చేతికి తెలిసేది ఒకటి ఉండాలని ఇది మొదలుపెట్టాను. కోడ్ తమ్ముడిది, లెక్క నాది.

సామాను పెద్దగా లేదు. పాత ఫొటోస్టాట్ మిషన్‌లోంచి తీసిన బ్రష్ డీసీ మోటార్, చుట్టుకు 600 పల్సులిచ్చే ఎన్‌కోడర్, బోర్డు చెప్పినట్టు మోటార్‌కు కరెంటు ఇచ్చే బీటీఎస్7960 డ్రైవర్, 12 ఓల్టుల సప్లై. ఎన్‌కోడర్ పల్సుల అంచులన్నీ లెక్కపెడితే చుట్టుకు 2400 మెట్లు వస్తాయి, అంటే ఒక్కో మెట్టు సుమారు 0.0026 రేడియన్లు. మోటార్‌నూ ఎన్‌కోడర్‌నూ కలిపే కప్లింగ్ ములుగు రోడ్డులో లేత్ షెడ్డు కాకా తిప్పి ఇచ్చాడు. బెల్ట్ పెడదామనుకున్నాం కానీ ఆయన ఒప్పుకోలేదు. “బెల్టు సాగుతది సారూ, మీ లెక్క తప్పుతది” అన్నాడు. కరెక్టే. బెల్ట్ సాగితే ఎన్‌కోడర్ చూసే కదలికా, మోటార్ తోసే కదలికా వేరైపోతాయి. ఆ రెండూ ఒకటే అన్న నమ్మకం మీదే ఈ ప్రాజెక్టంతా నడుస్తుంది.

ఆదివారం

మోటార్ జాతకం రాసుకున్నాను. డ్రిల్ మిషన్‌తో నిమిషానికి 1000 చుట్లు తిప్పితే వైర్ల చివర 5.2 ఓల్టులు చూపింది. అంటే సెకనుకు ఒక రేడియన్ వేగానికి 0.05 ఓల్టులు, ఆంపియర్‌కు 0.05 న్యూటన్ మీటర్ల టార్క్ అన్నా అదే. వైండింగ్ నిరోధం, షాఫ్ట్‌ను నాలుగైదు చోట్ల పట్టి ఆపి చూస్తే, సగటున 2.5 ఓములు.

ఇక్కడే ఒక పని చేసి చూడండి. మోటార్‌ను విడిగా పెట్టి షాఫ్ట్‌ను వేళ్లతో తిప్పండి, గలగలా తిరుగుతుంది. రెండు వైర్లనూ ఒకదానికొకటి తాకించి మళ్లీ తిప్పండి. బెల్లం పాకంలో తిప్పినట్టు బరువుగా ఉంటుంది. తిప్పినప్పుడు పుట్టే ఓల్టేజీ ఆ షార్ట్ గుండా కరెంటు పంపి, ఆ కరెంటు మళ్లీ తిప్పుడుకే అడ్డు తగులుతుంది. దీని విలువ 0.05 వర్గాన్ని 2.5తో భాగిస్తే 0.001 న్యూటన్ మీటర్ సెకన్లు. ఈ అడ్డును ‘బి’ అని పిలుచుకుందాం. ముందు ముందు మనల్ని కాపాడేది ఈ చిన్న సంఖ్యే.

డ్రైవర్ ఎలా కలిపామన్నదాని మీద ఇది ఉంటుందా పోతుందా అన్నది తేలుతుంది. బీటీఎస్7960 బోర్డులో ఎనేబుల్ పిన్నులు రెండూ పైకి కట్టి, పీడబ్ల్యూఎమ్‌ను (మోటార్‌కు ఓల్టేజీని పల్సులుగా ఇచ్చే సంకేతం) ఆర్‌పీడబ్ల్యూఎమ్, ఎల్‌పీడబ్ల్యూఎమ్ పిన్నులకు ఇస్తే, పల్స్ లేని సమయంలో కింది రెండు మాస్‌ఫెట్ స్విచ్‌లూ ఆన్‌లో ఉంటాయి. మోటార్ షార్ట్‌లోనే ఉంటుంది, బి నిలుస్తుంది. అదే పీడబ్ల్యూఎమ్‌ను ఎనేబుల్ పిన్నుకు ఇస్తే పల్స్ లేనప్పుడు వైర్లు గాలిలో వేలాడినట్టే, బి చాలావరకు మాయం. నెట్‌లో రెండు రకాల కనెక్షన్లూ కనిపిస్తాయి. చక్రాలున్న బొమ్మ బండికి ఏదైనా నడుస్తుంది, మనకు మొదటిదే కావాలి.

సోమవారం రాత్రి

శాంప్లింగ్ టైమ్ (బోర్డు కోణం చదివి టార్క్ మార్చే వ్యవధి) 10 మిల్లీసెకన్లు, గోడ గట్టిదనం రేడియన్‌కు 1 న్యూటన్ మీటర్. తమ్ముడు ఆన్ చేశాడు. వేళ్లతో గట్టిగా పట్టి నొక్కితే స్ప్రింగ్ లాగే ఉంది. పట్టు వదులు చేయగానే గ్ర్ర్ర్‌మని మొదలైంది. నాబ్ గోడ అంచున ముందుకూ వెనక్కూ కొట్టుకుంటూనే ఉంది, సప్లై తీసేదాకా ఆగలేదు.

“అన్నా, ప్రోగ్రామ్‌ల ఏదో బగ్గున్నది.”

“బగ్ లేదురా. మనం రాసిందే చేస్తోంది.”

నిజమైన స్ప్రింగ్ ఇలా చేయదు. దానికి ఇచ్చినంత శక్తి దాచుకుంటుంది, అంతకు మించి తిరిగి ఇవ్వలేదు. యాన్ విలెమ్స్ 1972లో డిసిపేటివిటీ మీద రాసిన రెండు భాగాల పేపర్‌లోని మూలం ఇదే. వ్యవస్థలో ఒక నిల్వ ఉంటుంది, దానికి స్టోరేజ్ ఫంక్షన్ అని పేరు. బయటి నుంచి వచ్చే సరఫరాకు సప్లై రేట్ అని పేరు. నిల్వలో పెరుగుదల ఎప్పుడూ వచ్చిన సరఫరాను మించకూడదు. ఆ సరఫరా ఇన్‌పుట్, అవుట్‌పుట్‌ల గుణకారమే అయితే దాన్ని ప్యాసివిటీ అంటాం. డిస్క్రీట్ టైమ్‌లో, అంటే శాంపిల్ క్షణాల్లో మాత్రమే చూసినప్పుడు, డెరివేటివ్ బదులు, తరువాతి శాంపిల్ దగ్గరి నిల్వలోంచి ఈ శాంపిల్ దగ్గరి నిల్వ తీసేస్తే వచ్చే తేడా రాస్తాం. క్లాసులో ఇక్కడిదాకా అందరూ తలూపుతారు. అసలు చిక్కు ఏ ఇన్‌పుట్‌ను ఏ అవుట్‌పుట్‌తో గుణించాలన్న దగ్గర ఉంది. ఈ డైరీలో నేను చెప్పదలచుకున్నది ఆ ఒక్కటే.

మంగళవారం

రెండు శక్తి ఖాతాలు పక్కపక్కన రాశాను. మోటార్‌కు బోర్డు ఇచ్చే టార్క్ ఒక శాంపిల్ నుంచి ఇంకో శాంపిల్ దాకా మారదు, అదే జీరో ఆర్డర్ హోల్డ్. మొదటి ఖాతాలో ఆ టార్క్‌ను శాంపిల్ క్షణంలో ఉన్న వేగంతో గుణించాను, పుస్తకాల్లో మామూలుగా కనిపించే జత ఇది. రెండో ఖాతాలో అదే టార్క్‌ను, అది నిలిచి ఉన్నంతసేపూ నాబ్ నిజంగా తిరిగిన కోణంతో గుణించాను.

మొదటి ఖాతా ఎంత అన్యాయమో చూడండి. మోటార్ నిలిచి ఉంది, వేగం సున్నా, నిల్వ సున్నా. మొదటి శాంపిల్‌లో గట్టిగా ఒక తోపు తోశాం. టార్క్ ఉన్నా ఆ క్షణంలో వేగం సున్నా కాబట్టి ఖాతాలో పడేది సున్నా. రెండో శాంపిల్‌కల్లా మోటార్ తిరుగుతూ ఉంటుంది, అప్పుడు కొంచెం ఎదురు టార్క్ ఇస్తే శక్తి బయటకు వచ్చినట్టు ఖాతాలో పడుతుంది. ఏమీ పెట్టకుండా రాబడి! ఈ లెక్కన మామూలు మోటార్ కూడా ప్యాసివ్ కాదు. ఇది మా మోటార్‌కే పట్టిన జబ్బు కాదు. డిస్క్రీట్ టైమ్‌లో ఇన్‌పుట్ అదే శాంపిల్‌లో అవుట్‌పుట్‌లోకి నేరుగా కొంతైనా రాకపోతే ఏ లీనియర్ వ్యవస్థా ప్యాసివ్ కాలేదు. ప్యాసివిటీని పరీక్షించే పాజిటివ్ రియల్ లెమ్మా షరతులో ఆ నేరు పదం సున్నా అయితే, ఒక వర్గానికి మైనస్ పెట్టి ‘ఇది సున్నా కన్నా తక్కువ కాకూడదు’ అని అడిగినట్టవుతుంది. ఇన్‌పుట్ అసలే పనిచేయకపోతే తప్ప అది కుదరదు.

రెండో ఖాతాలో ఈ గోల లేదు. టార్క్ మారకుండా నిలిచినంతసేపూ అది చేసిన పని, ఆ టార్క్‌ను తిరిగిన కోణంతో గుణించినంతే. ఉజ్జాయింపేమీ లేదు. శాంపిల్ మధ్యలో మోటార్ వేగం పెరిగినా తగ్గినా లెక్క మారదు. వేగం భాషలో చెప్పాలంటే శాంపిల్ క్షణపు వేగం బదులు సగటు వేగం తీసుకోవడం. ఆ సగటు కోసం ఫిల్టర్లు, ఎస్టిమేటర్లు ఏవీ అక్కర్లేదు, ఎన్‌కోడర్ రెండు రీడింగుల తేడాలోనే ఉంది. మామూలుగా ఆ తేడాను చూసి ‘వేగం కొలత ముతకగా ఉంది’ అని మొహం చిట్లించుకుంటాం. శక్తి లెక్కకు మాత్రం దానికన్నా నిఖార్సయింది లేదు.

తమ్ముడు ఇక్కడ అడ్డుపడ్డాడు. టస్టిన్ పద్ధతిలో (ట్రెపిజాయిడ్ సూత్రంతో) డిస్క్రీట్ చేస్తే ప్యాసివిటీ పోదని సిలబస్‌లోనే ఉంది కదా అన్నాడు. ఉంది, పోదు. కానీ టస్టిన్ మనం బోర్డులో రాసే కంట్రోలర్‌కు వర్తిస్తుంది. మోటార్ మన మాట వినదు, హోల్డ్ ఇచ్చిన టార్క్‌తో తన దారిన తిరుగుతుంది.

బుధవారం

గోడ ఎంత శక్తి పుట్టిస్తోందో కాగితం మీదే తేలిపోయింది. నాబ్ సెకనుకు 2 రేడియన్ల వేగంతో గోడలోకి 0.2 రేడియన్లు పోయి, అదే వేగంతో బయటకు వచ్చిందనుకుందాం. 10 మిల్లీసెకన్లకు ఒక శాంపిల్ అంటే శాంపిల్‌కు 0.02 రేడియన్లు, లోపలికి పది అడుగులు. లోపలికి పోయేటప్పుడు ప్రతి అడుగులోనూ గోడ అడుగు మొదట్లోని లోతును బట్టే తోస్తుంది, కాబట్టి నిజమైన స్ప్రింగ్ కన్నా కాస్త మెత్తగా ఉంటుంది. పది అడుగులూ కలిపితే 18 మిల్లీజౌళ్లు తీసుకుంది. వెనక్కి వచ్చేటప్పుడూ అడుగు మొదటి లోతే, అయితే ఇప్పుడు అది ఎక్కువ లోతు. అందుకని కాస్త గట్టిగా తోస్తుంది. తిరిగి ఇచ్చింది 22 మిల్లీజౌళ్లు. నిజమైన స్ప్రింగ్ అయితే 20 తీసుకుని 20 ఇచ్చేది. ఒక్క రాకపోకకు 4 మిల్లీజౌళ్లు ఊరికే పుట్టాయి. అదే సమయంలో బి తినేసేది 0.8 మాత్రమే. మిగిలిన 3.2 నాబ్‌లోకి పోయి, తర్వాతి రాకపోకను ఇంకా గట్టిగా చేస్తుంది. ఆ గ్ర్ర్ర్ శబ్దం దీనిదే.

దీన్నే సాధారణంగా రాస్తే బీజగణితం రెండు లైన్లకు మించదు. ఒక అడుగులో నాబ్ తిరిగిన కోణం ‘డి’, గోడ గట్టిదనం ‘కె’, శాంప్లింగ్ టైమ్ ‘టి’ అనుకుంటే, ప్రతి అడుగులోనూ గోడ ఊరికే పుట్టించే శక్తి కె × డి × డి ÷ 2. లోపలికైనా బయటికైనా గుర్తు ఒకటే, ఎప్పుడూ మనకు నష్టమే. అదే అడుగులో బి తినేసేది కనీసం బి × డి × డి ÷ టి. రెండోది మొదటిదాన్ని మింగాలంటే:

బి ≥ కె × టి ÷ 2

డి వర్గం రెండు వైపులా కొట్టుకుపోయింది చూడండి. నాబ్ ఎంత వేగంగా తిప్పినా, ఎవరు తిప్పినా షరతు మారదు. హాప్టిక్స్‌లో (యంత్రంతో స్పర్శను కల్పించే శాస్త్రం) వర్చువల్ వాల్‌కు, అంటే ఇలాంటి లేని గోడకు, కోల్‌గేట్, ఆయన సహ రచయితలు 1990లలో ఇచ్చిన షరతు ఇదే. వాళ్లు ఫ్రీక్వెన్సీ దారిలో వచ్చారు. ఆ దారీ చిన్నదే. సగటు వేగం నుంచి గోడ టార్క్ దాకా మధ్యలో ఉన్నది ఫార్వర్డ్ ఆయిలర్ ఇంటిగ్రేటర్, అడుగు మొదటి విలువనే వాడి కూడుతూ పోయేది. దాని రియల్ పార్ట్ (శక్తి తింటుందో పుట్టిస్తుందో చెప్పే భాగం) అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా మైనస్ టి ÷ 2, కె తో గుణిస్తే అదే లోటు. అడుగు మొదటి, చివరి విలువల సగటు వాడే ట్రెపిజాయిడ్ ఇంటిగ్రేటర్ అయితే రియల్ పార్ట్ సరిగ్గా సున్నా, లోటే ఉండదు. కానీ దానికి ఈ అడుగు చివర నాబ్ ఎక్కడుంటుందో ఇప్పుడే తెలియాలి. అది చేతి ఇష్టం.

మా మోటార్‌కు 10 మిల్లీసెకన్ల దగ్గర కె పరిమితి 0.2. మేం పెట్టింది 1. కొట్టుకోక ఏం చేస్తుంది!

గురువారం

టి ని 1 మిల్లీసెకనుకు దించాం. పరిమితి 2 కు పెరిగింది. కె ని 1 దగ్గరే ఉంచితే శబ్దం లేదు, పట్టు వదిలినా గోడ అంచున వచ్చి ఆగింది. పైన చెప్పిన రాకపోకకు ఇప్పుడు 19.8 తీసుకుని 20.2 ఇస్తుంది. పుట్టే 0.4 మిల్లీజౌళ్లను బి సులువుగా తినేస్తుంది.

మరి 0.25 మిల్లీసెకనుకు దించితే కె ని 8 దాకా తీసుకుపోవచ్చా? లేదు. అక్కడ ఎన్‌కోడర్ మెట్టు అడ్డొస్తుంది. ఒక మెట్టు లోపల నాబ్ కదిలినా బోర్డుకు తెలియదు, ఆ అజ్ఞానానికీ శక్తి రూపంలో ఖరీదుంటుంది. దాన్ని తీర్చేది బ్రష్‌ల పొడి రాపిడి. అబ్బాట్, ఒకమురా 2005లో చూపించిన షరతు ప్రకారం కె విలువ రాపిడి టార్క్‌కు రెట్టింపును మెట్టుతో భాగించినదానికి లోపల ఉండాలి. మా మోటార్ రాపిడి 0.003 న్యూటన్ మీటర్లు, మెట్టు 0.0026 రేడియన్లు, పరిమితి సుమారు 2.3. అంటే 1 మిల్లీసెకను తర్వాత శాంప్లింగ్ ఎంత పెంచినా పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. ఇంకా గట్టి గోడ కావాలంటే మెట్లు ఎక్కువున్న ఎన్‌కోడర్ కొనాలి. మంచి బేరింగులు వేసి రాపిడి తగ్గిస్తే ఈ పరిమితి ఇంకా కిందికి దిగుతుంది. ఈ మాట కాకాకు చెప్పాను, ఆయన నమ్మలేదు.

12 ఓల్టులతో మోటార్ 0.24 న్యూటన్ మీటర్ల దగ్గర సాచ్యురేట్ అవుతుంది, అంతకు మించి తోయలేదు. అది ఇబ్బంది కాదు. గోడ ఎక్కడైనా కె కన్నా మెత్తబడితే లోటు తగ్గుతుందే తప్ప పెరగదు.

శుక్రవారం

ఇవాళ్టిది అందరినీ ఆశ్చర్యపరిచే ముచ్చట. గోడ కొట్టుకుంటుంటే ఎవరైనా మొదట చేసే పని కోడ్‌లో డ్యాంపింగ్ కలపడం. వేగాన్ని ఒక గుణకంతో గుణించి ఎదురు టార్క్ ఇవ్వడమే కదా. కానీ బోర్డు దగ్గరున్న వేగం పోయిన అడుగుది, టార్క్ పనిచేసేది ఈ అడుగులో. నాబ్ ఒకే వైపు పోతుంటే ఫర్వాలేదు. అడుగు అడుగుకూ దిశ మార్చుకుంటుంటే మాత్రం ఎదురు తోయాల్సింది పోయి వెనక నుంచి తోస్తుంది. ఆ చెడ్డ సందర్భాన్నీ కలిపి లెక్కిస్తే, కోడ్‌లోని డ్యాంపింగ్ విలువ మొత్తం షరతులో ఖర్చు వైపే చేరుతుంది. బి ఇప్పుడు కె × టి ÷ 2 తో పాటు దాన్ని కూడా మోయాలి. రాగి వైండింగ్ ఇచ్చే డ్యాంపింగ్, కోడ్ ఇచ్చే డ్యాంపింగ్ ఒకటి కాదు.

0.0006 కలిపి చూశాం. కె 1 దగ్గర మొత్తం 0.0011, బి ని దాటింది. చేతిలో ఉన్నప్పుడు గోడ నిజానికి ఇంకా బాగా అనిపించింది. వదిలేస్తే సన్నని కీచు శబ్దం, నిన్నటి వరకు లేనిది. తీసేశాం.

ఆలస్యానికీ ఇదే లెక్క. తమ్ముడి లూప్‌లో ముందు పోయిన విడత లెక్కించిన టార్క్ పంపి, ఆ తర్వాతే కోణం చదువుతుంది. టైమింగ్ అదరకుండా ఉండాలని చాలామంది ఇలాగే రాస్తారు. దానివల్ల ఒక శాంపిల్ ఆలస్యం వస్తుంది, షరతులో కె × టి ముందున్న సగం కాస్తా ఒకటిన్నర అవుతుంది. అదే మోటార్, అదే 1 మిల్లీసెకను, పరిమితి 2 నుంచి 0.67కు పడిపోతుంది. చదవడం, లెక్కించడం, పంపడం వరుస మార్చాం. రెండు లైన్లు పైకీ కిందికీ జరపడంతో గోడ మూడింతలు గట్టిపడే వీలు దొరికింది.

సద్దుల బతుకమ్మ

పద్మాక్షి గుట్ట వైపు తోవలన్నీ బందు. ఇంట్లో ఆడవాళ్లు పూలు పేరుస్తుంటే మేం ఒక మూలన కూర్చుని రెండో ఖాతాను కోడ్‌లో పెట్టాం. ప్రతి శాంపిల్‌లో పోయిన టార్క్‌ను తిరిగిన కోణంతో గుణించి కూడుతూ పోవడం, గోడ తీసుకున్నదానికన్నా ఎక్కువ ఇచ్చినట్టు తేలితే అప్పటికప్పుడు డ్యాంపింగ్ కలపడం. 2002లో హన్నాఫోర్డ్, ర్యూ చెప్పిన ప్యాసివిటీ అబ్జర్వర్, ప్యాసివిటీ కంట్రోలర్ ఇవే.

కె ని కావాలనే 3 చేసి ప్రయత్నించాం. ఆగకుండా కొట్టుకోవడం పోయింది. కానీ గోడలోంచి బయటకు వచ్చే చివర్లో చేతికి ఒక కుదుపు తగులుతోంది. దాచిన శక్తి ఖాతాలో ఉన్నంతసేపూ లోటు కనపడదు. అంతా తిరిగి ఇచ్చేశాక, చివరి మెట్టు దగ్గర ఒక్కసారిగా బయటపడుతుంది. అప్పటికి నాబ్ ఒక మెట్టు కూడా కదలకపోతే కలిపిన డ్యాంపింగ్‌కు తినడానికి ఏమీ దొరకదు. నాకు ఇది పెద్దగా నచ్చలేదు. షరతు లోపల ఉండి, దీన్ని కాపలాగా మాత్రం ఉంచుకోవచ్చు.

ఆదివారం, ములుగు రోడ్డు

కాకాకు చూపించడానికి షెడ్డుకు తీసుకుపోయాం. నూనె చేతులు తుడుచుకుని నాబ్ పట్టుకున్నాడు. రెండుసార్లు నొక్కాడు, వదిలాడు, వేలితో మీటాడు. మోటార్ వెనక మూత తీయమన్నాడు.

“దీంట్ల స్ప్రింగ్ ఏడ పెట్టిన్రు?”

“లేదు కాకా.”

“మరి కరెంటు తీసెయ్యి.” తీశాం. మళ్లీ తిప్పి చూశాడు. “అవ్... ఉత్తదే!”

ఇప్పటికి ఉంచిన విలువలు: టి 1 మిల్లీసెకను, కె 1.5, కోడ్‌లో డ్యాంపింగ్ సున్నా, డ్రైవర్ షార్ట్ పద్ధతిలో. పరిమితి 2 అయినా అంచు దాకా పోలేదు. వైండింగ్ ఇండక్టెన్స్ వల్ల కరెంటు రావడానికీ కొంత సమయం పడుతుంది, అది లెక్కలో లేదు. కె 2.5 దగ్గర కూడా చేత్తో పట్టుకుంటే నిశ్శబ్దంగానే ఉంటుంది. చెయ్యే డ్యాంపింగ్ ఇస్తుంది కాబట్టి. ప్యాసివిటీ షరతు ఆ సాయాన్ని లెక్కలోకి తీసుకోదు, అందుకే దానితో కొంత పిసినారితనం తప్పదు. ల్యాబ్‌లో ఎవరు ఎలా పట్టుకుంటారో, మధ్యలో వదిలేస్తారో తెలియదు కాబట్టి ఆ పిసినారితనమే నాకు కావాలి.

తర్వాతి పని రెండు నాబులు. ఒకటి తిప్పితే రెండోది తిరగాలి, రెండోదాన్ని ఆపితే మొదటి చేతికి తెలియాలి, మధ్యలో వైఫై. ఆలస్యం 20 మిల్లీసెకన్లు అనుకుంటే పై లెక్కలోని సగం మిల్లీసెకనుకు (టి ÷ 2) ఆ 20 కూడాలి. 0.001ని 0.0205తో భాగిస్తే కె 0.049. అంటే ఏమీ తగలనట్టే. టార్క్‌నూ కోణాన్నీ నేరుగా పంపకుండా రెండిటినీ కలిపి తరంగాలుగా పంపే వేవ్ వేరియబుల్స్ పద్ధతి పెట్టాలి. రెండో కప్లింగ్ దసరా ఆయుధ పూజ అయ్యాకే మొదలుపెడతానని కాకా అన్నాడు. ఈలోగా ఒకే బోర్డులో బఫర్ పెట్టి ఆ 20 మిల్లీసెకన్లను కల్పించి, రెండు చివరల ఖాతాలూ రాయించమని తమ్ముడికి చెప్పాను.